‘ఇదేంటి? చెప్పు!’ అని అడగడం ఎందుకు మానేశామంటే...

గలగలా మాట్లాడే పిల్లల్ని ‘వసపిట్ట’ అంటారు కదా. ఆ మాట వెనక వస కొమ్ము ఉంది. దాన్ని అరగదీసి పసిపిల్లల నాలుకకు రాస్తే మాటలు బాగా వస్తాయని మన పెద్దవాళ్ల నమ్మకం. మా అక్క కొడుక్కి మూడో నెల నుంచే మా అవ్వ ఆ పని మొదలుపెట్టింది. పిల్లల డాక్టరు గట్టిగా వద్దని చెప్పాకే ఆపింది.

వాడికి రెండేళ్ల నాలుగు నెలలు వచ్చాయి. వసపిట్ట సంగతి దేవుడెరుగు, ‘అమ్మా’ అనే పిలుపు కూడా లేదు. ఏదన్నా కావాలంటే మన చెయ్యి పట్టి అక్కడికి లాక్కెళ్తాడు. అర్థమైతే సరే, కాకపోతే నేల మీద పడి ఏడుపు. ఆ ఏడుపు ఆపడానికి ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కొక్కటి చూపిస్తాం. ఇదా? అదా? వాడికి ఇంకా కోపం వస్తుంది.

‘‘మగపిల్లోళ్లు ఆలస్యంగానే మాట్లాడతార్లే. వాళ్ల నాయన మూడేండ్లకు గానీ నోరు తెరవలేదు. గమ్మునుండండి’’ అనేది అవ్వ. నిజం చెప్పాలంటే గమ్మునుండటమే మాకూ సుఖంగా అనిపించింది.

మాది పెద్దపంజాణి. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఊరొస్తా, ఆదివారం సాయంత్రం వెనక్కి. అక్కావాళ్ల ఇల్లు మా పక్కవీధిలోనే. రెండావులు, పట్టుపురుగుల షెడ్డు, కొంచెం టమోటా. పని ఎప్పుడూ తరగని ఇల్లు.

ఇంజినీర్ని కదా, సమస్య కనబడగానే ఒక టూల్ కొనాలనిపిస్తుంది. ముందు ఫ్లాష్‌కార్డులు తెచ్చాను. తర్వాత టాబ్‌లో ఒక యాప్‌కి ఏడాది చందా కట్టాను. మూడు నెలల్లో వాడు ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ గుర్తుపట్టాడు. ‘క్యూ ఎక్కడ?’ అంటే టక్కున వేలు పెడతాడు. బంధువులందరికీ వీడియోలు పంపాను, గొప్పగా. ఆ పిల్లాడే దాహమేస్తే బిందె దగ్గర నిలబడి ఏడుస్తాడని మాత్రం ఎవరికీ పంపలేదు.

తలుపు అవతల అక్క

ఆ తర్వాత టౌన్‌లో ఒక థెరపీ సెంటర్‌లో చేర్పించాం. వారానికి ఒక రోజు, నలభై ఐదు నిమిషాలు. పిల్లాణ్ని లోపలికి తీసుకెళ్లి తలుపేసేవాళ్లు. అక్క బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. లోపల ఏం జరుగుతోందో తెలీదు. అయిపోయాక ‘ఈరోజు బాగా చేశాడమ్మా’ అని ఒక మాట, ఫీజు రసీదు. రానూపోనూ బస్సులకే సగం రోజు. నాలుగు నెలలు తిరిగాక అక్క నన్ను అడిగింది, ‘‘ఒరే, లోపల బాగా చేసేదేందో అది నాకు చూపిస్తే ఇంట్లో నేనూ చేస్తా కదా?’’

నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో ఒక స్నేహితురాలు చెబితే బెంగళూరులో ఇంకో స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె పేరు రాయను, మేడమ్ అనే అంటాను. తెలుగూ కన్నడా రెండూ వచ్చు.

మేడమ్ అడిగిన మొదటి ప్రశ్నకే మేం తెల్లముఖం వేశాం. ‘‘వినికిడి పరీక్ష రిపోర్టు ఉందా?’’

లేదు. ప్లేటు కింద పడితే ఉలిక్కిపడతాడు, బస్సు హారన్‌కి పరిగెత్తుతాడు, ఇంక చెవులకేం అనుకున్నాం. ప్లేటు శబ్దం వినబడుతుంది, కానీ మాటలోని సన్నటి ‘స’, ‘ఫ’ లాంటి ధ్వనులు వినబడని పిల్లలూ ఉంటారని అప్పుడు తెలిసింది. బెరా అనే పరీక్ష చేయించాం. పిల్లాడు నిద్రపోతుండగా తలకి చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు అతికించి, చెవిలో శబ్దం పెట్టి, నరం ఎలా స్పందిస్తోందో కంప్యూటర్‌లో చూస్తారు. మావాడి చెవులు బాగానే ఉన్నాయి. ఇతర పరీక్షలు కూడా చేసి, ప్రస్తుతానికి భాష ఆలస్యమైందని, ఆరు నెలలకోసారి మళ్లీ చూడాలని రాశారు. మీ ఇంట్లో ఇలాంటి పిల్లాడుంటే యాప్ కొనకముందు ఈ పరీక్ష చేయించండి. నేను తలకిందులుగా చేశాను.

రెండోసారి వెళ్లినప్పుడు మేడమ్ పిల్లాడితో కాకుండా మాతో ఎక్కువసేపు మాట్లాడింది. ఒక లెక్క వేసి చూపించింది. పిల్లాడు రోజుకి పన్నెండు గంటలు మెలకువగా ఉంటాడనుకుంటే వారానికి 5040 నిమిషాలు. అందులో ఆమె దగ్గర ఉండేది 45. ఒక శాతం కూడా కాదు. ‘‘మిగతా 4995 నిమిషాలు మీ దగ్గర ఉన్నాయి. నా పని వాడికి మాటలు నేర్పడం కంటే, ఆ నిమిషాల్లో ఏం చేయొచ్చో మీకు చూపించడం’’ అంది. లెక్కలతో చెబితే నాలాంటివాడికి తొందరగా ఎక్కుతుంది.

ముప్పై నాలుగు ప్రశ్నలు

ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు ఐదు నిమిషాల వీడియో తీసి పంపమంది. శనివారం నేనే వాడితో కూర్చున్నాను. అక్క ఫోన్ పట్టుకుంది. బాగా ఆడించానని నా నమ్మకం.

మేడమ్ ఆ వీడియోని మాతోనే కూర్చుని చూసింది. ‘‘మీరెన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టండి’’ అంది.

ముప్పై నాలుగు. ఇదేంటి? ఏం కలర్? ఆవు ఎలా అరుస్తుంది? చెప్పు, చెప్పు నాన్నా, చెప్పు! ఒక్కో ప్రశ్నకీ నేనిచ్చిన టైమ్ రెండు సెకన్లు కూడా లేదు. నా వృత్తి భాషలో చెప్పాలంటే సర్వర్‌కి రిక్వెస్ట్ పంపడం, జవాబు వచ్చేలోపే టైమౌట్ కొట్టి ఇంకో రిక్వెస్ట్ పంపడం. అలా ముప్పై నాలుగు సార్లు. ఏ సర్వరైనా కూలిపోతుంది.

ఆ వీడియోలో ఇంకోటి కూడా ఉంది. నేను చూడలేదు, ఆమె చూసింది. మూడో నిమిషంలో బయట దూడ మెడలో గంట మోగితే వాడు తలతిప్పి, మళ్లీ నా ముఖంలోకి చూశాడు. ‘విన్నావా మామా?’ అన్నట్టు. నేనేమో ఎర్ర బ్లాకు వాడి ముక్కు దగ్గర పెట్టి ‘ఇదేం కలర్?’ అంటున్నాను.

‘‘అక్కడ వాడు మీతో మాట్లాడాడు. మీరు వినలేదు’’ అంది మేడమ్. తిట్టినట్టు కాదు, మామూలుగానే అంది. కానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

ఆమె చెప్పింది చాలా చిన్న పని. పిల్లాడి ఎదురుగా, వాడి ఎత్తుకి కిందికి కూర్చోవాలి. వాడు దేన్ని చూస్తే దాని గురించి ఒక్క మాట అనాలి. తర్వాత నోరు మూసుకుని మనసులో ఐదు లెక్కపెట్టాలి. అంతే. చేసి చూడండి, ఐదు సెకన్లు ఎంత పొడుగో తెలుస్తుంది. మా అవ్వకైతే మూడు కూడా దాటేది కాదు.

ఇది ఆమె సొంత చిట్కా ఏం కాదు. కెనడాలో అయాలా మనోల్సన్ అనే స్పీచ్ థెరపిస్టు 1975లోనే తల్లిదండ్రుల కోసం ఇలాంటి శిక్షణ మొదలుపెట్టారు. హానెన్ సెంటర్ దాన్నుంచి పుట్టిందే. గమనించు, ఆగు, విను అనేవి అక్కడ నేర్పే మొదటి మూడు మాటలు. అంతకుముందే 1942లో అమెరికాలో లూయీస్ ట్రేసీ చెవుడున్న పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక క్లినిక్ పెట్టారు. హాలీవుడ్ నటుడు స్పెన్సర్ ట్రేసీ భార్య ఆమె. కొడుకు జాన్‌కి పుట్టుకతో చెవుడు. దూరంగా ఉండే తల్లిదండ్రులకు ఆ క్లినిక్ పాఠాల్ని పోస్టులో ఉచితంగా పంపేది. వాట్సాప్ లేని కాలంలో అదే వాళ్ల వాట్సాప్.

సంగటి, దూడ, నీళ్ల చెంబు

మేడమ్ మొదట ఇచ్చిన లిస్టులో సబ్బు బుడగల సీసా, చెక్క బ్లాకులు, బొమ్మల పజిల్ ఉన్నాయి. అక్క మొహమాటం లేకుండా చెప్పేసింది. ‘‘మేడమ్, పొద్దున నాలుగున్నరకి లేస్తే పాలు పిండాల, పురుగులకు ఆకు వెయ్యాల, వంట చెయ్యాల. పిల్లోడిని ముందర కూర్చోబెట్టుకుని గంటసేపు ఆడించే తీరిక నాకు యాడిది?’’

మేడమ్ ఆ లిస్టు పక్కన పెట్టేసింది. ‘‘అయితే మీ రోజు మొత్తం చెప్పండి’’ అని ఒక కాగితం తీసుకుంది. లేచింది మొదలు పడుకునేదాకా అక్క చెబుతుంటే రాసుకుంది. వాడికి ఏమిష్టం అని అడిగింది. దూడ గంట, చెంబుతో నీళ్లు పోయడం, పలమనేరు బస్సు హారన్, బెల్లం. ఈ నాలుగూ అక్క చెప్పినవే. నాలుగేళ్లు చదివి స్పీచ్ థెరపిస్టు అయినావిడకి కూడా దూడ గంట సంగతి తెలిసే అవకాశం లేదు కదా. అక్కకేమో మాటకి ముందు ఏ మెట్టు, తర్వాత ఏ మెట్టు అన్నది తెలీదు. ఇద్దరూ కలిసి కూర్చుంటేనే పని నడిచింది.

కొత్త లిస్టు ఇలా తయారైంది. స్నానంలో చెంబు ఎత్తి పట్టుకుని ఆగాలి. వాడు చూస్తే ‘పోయ్!’ అని పోయాలి. మళ్లీ ఎత్తి ఆగాలి. బెల్లం డబ్బా మూత గట్టిగా బిగించి వాడి చేతికే ఇవ్వాలి. తెరవడం రాక మన దగ్గరికి తెస్తాడు. అప్పుడు ‘తియ్’ అని తీసి, ఒక చిన్న ముక్క మాత్రమే పెట్టాలి, మళ్లీ అడిగే అవసరం ఉండేలా. ‘సంగటా? అన్నమా?’ అని రెండూ చూపించి అడగాలి. వేలు పెట్టినా, చూసినా, శబ్దం చేసినా అది జవాబే. ‘చెప్తేనే ఇస్తా’ అని మాత్రం ఏడిపించకూడదు. ఈ చివరిదాని మీద మేడమ్ చాలా గట్టిగా ఉంది. మాట అనేది వాడికి పరీక్ష కాకూడదంట.

ఆమె సలహా ప్రతిసారీ పనిచేసిందని కాదు. బొమ్మల కార్డులు చూపించి అడిగించమంది ఒక నెల. మావాడు ఆ కార్డుల్ని వరసగా ఆవు తొట్టిలో వేశాడు. అక్క వీడియో పంపింది. మేడమ్ నవ్వి, కార్డులు ఆపేసి చేతి సైగల వైపు మార్చింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఫ్లాష్‌కార్డుల్లో అన్నీ పేర్లే ఉంటాయి. యాపిల్, బాల్, క్యాట్. పిల్లాడు యాపిల్ అన్నా మీరు యాపిల్ ఇవ్వరు, ‘వెరీ గుడ్’ అంటారు. అదే తెలుగులో చిన్నపిల్లలకి సరిపోయే పనిమాటలు ఎన్నున్నాయో చూడండి. రా, పో, తే, దా. మా వైపు ‘పోదాం పద’ అనడానికి ‘పా’ అంటాం. ఒక్క అక్షరం, పెదాలు కలిపి విడిస్తే వచ్చేస్తుంది. అన్నప్పుడల్లా ప్రపంచం కదులుతుంది. బువ్వ, లాల, తాత, అవ్వ కూడా అంతే, పసినోటికి తేలికైన ధ్వనులు. నేనేమో ‘వాటర్ కావాలా బేబీ?’ అని మొదలుపెట్టినవాణ్ని.

భాషల గొడవ కూడా ఉంది మా దగ్గర. పక్కింట్లో ఉర్దూ, ముళబాగిలు బంధువులతో కన్నడ, ఇంట్లో తెలుగు, నావల్ల ఇంగ్లీషు. ‘ఇన్ని భాషలు విని పిల్లోడు గందరగోళపడ్డాడు, ఇంగ్లీషొకటే మాట్లాడండి, రేపు స్కూలుకి పనికొస్తుంది’ అని ఒకాయన సలహా. మేడమ్ ఒప్పుకోలేదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంట్లోవాళ్లు ఏ భాషలో నవ్వుకుంటారో, కోప్పడతారో, ఆ భాషలోనే పిల్లాడితో మాట్లాడమంది. ఇంగ్లీషుని నాతో పాటు బెంగళూరులో వదిలిపెట్టేశాం.

మూడో నెలలో ఒక సాయంత్రం. బావ దూడకి గడ్డి వేయడానికి లేచాడు. వాడు లేచి బావ పంచె పట్టుకుని ‘పా’ అన్నాడు. బావ ఆగిపోయాడు. ఏమన్నాడో నమ్మకం కలగక అక్కని పిలిచాడు. ఇద్దరూ అలా నిలబడిపోతే వాడికి చిరాకొచ్చి ఇంకా గట్టిగా ‘పా! పా!’ అన్నాడు. నాకు ఫోన్ వచ్చేసరికి ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టి బాత్రూమ్‌కి వెళ్లి ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

అక్క ఏడ్చిన రోజు

ఇక్కడితో ఆపేస్తే అంతా బాగుందనిపిస్తుంది. కానీ ఐదో నెలలో ఒక వీడియో కాల్‌లో అక్క విరుచుకుపడింది. ‘‘నేనే అమ్మ, నేనే టీచరు, మళ్లీ వారం వారం వీడియో తీసి పరీక్ష రాసేదీ నేనేనా? ఒకరోజు వాడిని ఊరికే ఎత్తుకుని కూర్చుంటే కూడా తప్పు చేస్తాండానా అనిపిస్తాంది.’’

తల్లిదండ్రులు కలిసి పనిచేయాలి అని చెప్పేవాళ్లు ఈ సంగతి తక్కువ మాట్లాడతారు. మన ఇళ్లలో ‘తల్లిదండ్రులు’ అంటే చాలాసార్లు తల్లి ఒక్కతే. పైగా మాట రాకపోతే నింద కూడా ఆమెకే. ‘ఫోన్ ఇచ్చి చెడగొట్టింది’ అని మావాళ్లలోనే ఎంతమంది అన్నారో. రెండేళ్లలోపు పిల్లలకి అసలు స్క్రీన్ వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదని మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది, నిజమే. కానీ మా ఇంట్లో టాబ్ తెచ్చిచ్చింది నేను. మాట పడింది అక్క.

మేడమ్ ఆ రోజు రెండు పనులు చేసింది. అవ్వని ఫోన్ దగ్గరికి పిలిపించి, ‘‘అవ్వా, మీ మనవరాలు చేసినదానివల్ల ఇది రాలేదు. ఇప్పుడు ఆమె చేస్తున్నదానివల్ల మేలవుతోంది’’ అని స్పష్టంగా చెప్పింది. తర్వాత ఐదు పనుల లిస్టుని ఒకటికి తగ్గించింది. స్నానం. అదీ బావ చేయించాలి. వీడియోలు రెండు వారాలు బంద్. మిగతా టైమ్‌లో అక్క ఊరికే అమ్మలా ఉంటే చాలు అంది. బావకి మొదట్లో చేతకాలేదు. నెల తిరిగేసరికి ‘పోయ్’, ‘ఇంకా’ అనే మాటలు ఆ చెంబు దగ్గరే వచ్చాయి.

ఇంట్లోవాళ్లకి నేర్పితే ఫలితం ఉంటుందా అనే అనుమానం నాకూ ఉండేది. వెతికితే మన దగ్గరే ఒక పరిశోధన దొరికింది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో చేశారు. ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చాయి. ఇళ్లకి వెళ్లింది స్పెషలిస్టులు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు కార్యకర్తలు. తల్లిదండ్రులు ఆడుకునే వీడియో తీసి, దాన్ని వాళ్లతోనే చూసి మాట్లాడటమే అందులో ప్రధానమైన పని. పిల్లల దృష్టిని అనుసరించి స్పందించడం పెద్దవాళ్లలో పెరిగింది, తామంతట తాము పలకరించడం పిల్లల్లో పెరిగింది. నా ముప్పై నాలుగు ప్రశ్నల వీడియో గుర్తొచ్చింది.

మా ఊళ్ల నుంచి ఎక్కడికి వెళ్లాలని చాలామంది అడుగుతున్నారు. మొదటి మెట్టు అంగన్‌వాడీయే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అక్కడికి వచ్చి పిల్లల్ని చూడాలి. మాట, వినికిడి, ఎదుగుదల ఆలస్యమైతే జిల్లా స్థాయి కేంద్రానికి ఉచితంగా పంపిస్తారు. బృందం వచ్చే రోజు పిల్లాణ్ని దాచిపెట్టకండి, మేం దాచినంత పనిచేశాం. బడి వయసు పిల్లలకైతే మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. పెద్ద సంస్థ కావాలంటే మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. మా వైపు నుంచి బెంగళూరు దాటి వెళ్లాలి. చెన్నైలో బాల విద్యాలయ 1969 నుంచి చెవుడున్న పసిపిల్లలకి, వాళ్ల తల్లులతో కలిసి పనిచేస్తోంది. ప్రైవేటు సెంటర్‌కి వెళ్తే థెరపిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ఇంకోటి కూడా అడగండి, ‘నేను లోపల కూర్చోవచ్చా?’ అని.

ఎంత చేసినా నోటి మాట రాని పిల్లలుంటారు. వాళ్ల కోసం బొమ్మ నొక్కితే మాట వినిపించే ఆవాజ్ లాంటి యాప్‌లున్నాయి. దాన్ని చెన్నైలో ఐఐటీ మద్రాసు పూర్వ విద్యార్థి అజిత్ నారాయణన్ తయారుచేశారు. యాప్ అలవాటైతే మాట రాదేమోనన్న భయం తల్లిదండ్రుల్లో ఎక్కువ. అలా అడ్డుపడుతుందని పరిశోధనల్లో తేలలేదు. మావాడికి అవసరమైతే ఆ దారి కూడా ఉందని మేడమ్ మొదటి నెలలోనే చెప్పి ఉంచింది.

ఇప్పుడు వాడికి మూడేళ్ల రెండు నెలలు. తోటి పిల్లలతో పోలిస్తే ఇంకా వెనకే. ఫ్రిజ్ మీద అక్క అతికించిన కాగితంలో నలభై మూడు మాటలున్నాయి. ఏ మాట ఎవరితో అన్నాడో కూడా రాస్తుంది. ఇప్పుడు రెండేసి మాటలు కలపడం మీద పని నడుస్తోంది. ‘ఆవు రా’, ‘నీళ్లు పోయ్’ అని మేం అంటూ ఉంటాం, ఐదు లెక్కపెడుతూ ఉంటాం.

పోయిన శుక్రవారం బస్సు ఆలస్యమై ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. వాడు ఇంకా మేలుకునే ఉన్నాడు, బావ ఒళ్లో. నేను గుమ్మంలోనే బ్యాగు దించి, వాడి ఎత్తుకి కిందికి కూర్చుని, ఏమీ అడక్కుండా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. వాడు నన్ను బాగా చూసి, చెయ్యి ఊపి, ‘‘మామా, పో’’ అన్నాడు.

అక్కకి సిగ్గేసింది. ‘‘నిద్దరకొచ్చినాడు రా, ఏమీ అనుకోవద్దు’’ అంది. నేను అప్పటికే మేడమ్‌కి మెసేజ్ పెట్టేశాను. పొద్దున జవాబొచ్చింది: ‘రెండు మాటలు కలిపాడు కదండీ! తేదీ వేసి రాసుకోండి.’